నెలసరి ముందు బాధలు: ఎవరి మాట, ఎవరి కొలత?

పోయిన చలికాలంలో, వైద్యవిద్యార్థులకు పాఠాలు చెప్పే ఒక స్నేహితురాలు నాకు నాలుగు పేజీల కాగితాలు పంపింది. నెలసరికి ముందు వారం పది రోజుల్లో ఆడవాళ్ళకు వచ్చే బాధల్ని కొలిచే ప్రశ్నావళికి తెలుగు అనువాదం అది. మూలం ఇంగ్లీషులో ఉంది. కెనడాలో మైర్ స్టైనర్ బృందం 2003లో దాన్ని ప్రకటించింది. కోపం, ఆందోళన, ఏడుపు రావడం, కుంగుబాటు, నీరసం, నిద్రపట్టకపోవడం లాంటి 14 లక్షణాలు, వాటివల్ల పనికీ సంబంధాలకీ కలిగే ఆటంకాల గురించి మరో 5 ప్రశ్నలు ఉంటాయి. ప్రతిదానికీ నాలుగే జవాబులు: అసలు లేదు, కొద్దిగా, మధ్యస్థంగా, తీవ్రంగా.

"జపాన్‌వాళ్ళు దీన్ని తమ భాషలోకి తెచ్చుకుని ఎన్ని పరిశోధనలు చేశారో చూడు. మనమూ చేద్దాం. నువ్వు ఒకసారి భాష చూసి పెట్టు" అంది. భాష చూడమంటే అచ్చుతప్పులు చూడమని ఆమె ఉద్దేశం. నేను ఆ కాగితాలు సంచిలో పెట్టుకుని అరసవల్లి వెళ్ళాను. అక్కడి ఒక పొదుపు సంఘం ఆడవాళ్ళు నాకు కొన్నేళ్ళుగా తెలుసు. గుడి దగ్గర పూలమ్మేవాళ్ళు, మిషను కుట్టేవాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, ఒక అంగన్‌వాడీ ఆయా. రెండు మధ్యాహ్నాలు కూర్చుని ఒక్కొక్క ప్రశ్నే చదివాను. ఇదేమీ సర్వే కాదు, ఇక్కడ లెక్కలూ శాతాలూ ఇవ్వబోవడం లేదు. ఆ ప్రశ్నలు వాళ్ళ చెవిన ఎలా పడ్డాయో చెప్పడమే నా పని.

ముందుగా, ఇలాంటి అనువాదాలను 'ప్రామాణీకరించడం' అంటే ఏమిటో చెప్పాలి. ఒకరు ఇంగ్లీషులోంచి తెలుగు చేస్తారు. ఆ ఇంగ్లీషు చూడని మరొకరు తెలుగులోంచి తిరిగి ఇంగ్లీషు చేస్తారు. రెండు ఇంగ్లీషులూ సరిపోలితే అనువాదం సరైనదని ఒప్పుకుంటారు. 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ రాసిన వ్యాసం తర్వాత ఈ పద్ధతి ప్రపంచమంతా స్థిరపడింది. ఆపైన కొన్ని వందలమంది చేత నింపించి, జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో లెక్కగడతారు. క్రాన్‌బాక్ ఆల్ఫా అనే అంకె 0.7 దాటితే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నేనూ నా థీసిస్ రోజుల్లో ఆ అంకె కోసం ఎదురుచూసినదాన్నే. అందుకే చెబుతున్నాను: జవాబుల మధ్య పొందిక ఉందని ఆ అంకె చెబుతుంది. అడిగిన ప్రశ్న ఆ మనిషి జీవితానికి తగిలిందో లేదో చెప్పదు.

అరసవల్లిలో మొదటి ప్రశ్న దగ్గరే ఈ తేడా బయటపడింది. ఇంగ్లీషులో 'కోపం లేదా చిరాకు' అని ఉన్నదాన్ని తెలుగులో 'తీవ్రమైన కోపం' అన్నారు. తిరిగి ఇంగ్లీషు చేస్తే దాదాపు ఆ మాటే వస్తుంది, అంటే పరీక్ష నెగ్గినట్టే. పూలమ్మే ఆమె వెంటనే, "కోపమేటమ్మా! మా ఇంట్లో కోపం మావోడికుంటాది. నాకు ఇసుగొస్తాది, అంతే" అంది. మిగతావాళ్ళు నవ్వారు గానీ ఎవరూ కాదనలేదు. కోపం మగవాడి సొత్తు. ఆడదానికి వచ్చేది విసుగు, సిరాకు, లేదంటే 'ఒళ్ళు మండడం'. కోపానికి 'అసలు లేదు' అని గీత గీసినామె, విసుగు గురించి అడిగితే ఒక నెలలో పిల్లాడి వీపు మీద అట్లకాడతో కొట్టిన సంగతి కళ్ళనీళ్ళతో చెప్పింది. కాగితం మీద ఆమె ఎంతో ప్రశాంతమైన మనిషి.

'తిరస్కరణ పట్ల అధిక సున్నితత్వం' అనేది మరో ప్రశ్నలో ఉంది. ఇలాంటి తెలుగు మన విశ్వవిద్యాలయాల్లో తప్ప మరెక్కడా పుట్టదు. ఎవరైనా ఓ మాటంటే తట్టుకోలేకపోవడం అని నేను విడమరిచి చెప్పాను. "మాటనిపించుకోకుండా రోజెలా గడుస్తాదమ్మా?" అని ఎదురడిగారు. తిండి మీద విపరీతమైన కోరిక కలుగుతుందా అంటే, వేవిళ్ళప్పుడు పుల్లమామిడికాయ ఎవరు తెచ్చిపెట్టారు, ఎవరు తేలేదు అన్న దాంట్లోకి వెళ్ళిపోయి పావుగంట తిరిగి రాలేదు. అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషిని ఎక్కువ తిన్నావా అని అడగడం నాకే మొహమాటంగా అనిపించింది.

ఇవన్నీ మాటల ఇబ్బందులు, మాటలు మార్చుకోవచ్చు. అసలు చిక్కు చివరి అయిదు ప్రశ్నల్లో ఉంది. ఈ బాధల వల్ల మీ పనికి, తోటివాళ్ళతో సంబంధాలకు, ఇంటివాళ్ళతో సంబంధాలకు, నలుగురిలో కలవడానికి, ఇంటి బాధ్యతలకు ఆటంకం కలిగిందా? "ఆటంకమెందుకు కలుగుతాది? వండకపోతే ఎవుడు తింటాడు, ఎవుడూరుకుంటాడు? ఒళ్ళు పులిసిపోనా వండుతాం" అంది ఆయా. పూలామె అయితే, "రథసప్తమికి నాకు బాలేదని కొట్టు మూస్తానా?" అంది. అయిదింటికీ 'అసలు లేదు'. స్టైనర్ ప్రశ్నావళి నిబంధన ప్రకారం, బాధ తీవ్రమైన రుగ్మత స్థాయిలో ఉందనడానికి మొదటి నాలుగు లక్షణాల్లో కనీసం ఒకటి తీవ్రంగా ఉండాలి, మిగతావాటిలో కనీసం నాలుగు మధ్యస్థంగానైనా ఉండాలి, ఈ ఆటంకాల్లో కనీసం ఒకటి తీవ్రంగా ఉండి తీరాలి. అంటే పని మానుకునే వెసులుబాటు ఉన్నవాళ్ళకే జబ్బు ఉంటుంది. కూలి పోగొట్టుకోలేని ఆడది ఎంత నలిగినా ఈ కొలతలో ఆరోగ్యవంతురాలే.

నా స్నేహితురాలు జపాన్‌ను ఆదర్శంగా చూపించింది గనక అక్కడి సంగతి కొంచెం చూద్దాం. తకెదా అనే వైద్యుడూ ఆయన సహచరులూ ఈ కెనడా ప్రశ్నావళి ఆధారంగానే జపనీస్‌లో ఒకటి తయారుచేసి, వెయ్యిమందికి పైగా స్త్రీల జవాబులతో 2006లో ఒక వ్యాసం ప్రకటించారు. అందులో ఒక మోస్తరు నుంచి తీవ్రమైన బాధ ఉన్నవాళ్ళు నూటికి అయిదుగురు, రుగ్మత స్థాయిలో ఉన్నవాళ్ళు నూటికి ఒకరికి కాస్త పైన తేలారు. రోజువారీ నమోదుకు వాడే మరో ప్రశ్నావళి కూడా 2020లో జపనీస్‌లోకి వచ్చింది. శ్రద్ధగా చేసిన పనులే. కానీ ఆ నూటికి అయిదుని ఎలా చదవాలి? జపాన్ స్త్రీలకు బాధ తక్కువ అనా, లేక తీవ్రంగా ఉందని చెప్పుకోవడానికి వాళ్ళు సంకోచిస్తారనా? అక్కడ 1947 నాటి కార్మిక చట్టంలోనే నెలసరి సెలవు హక్కు ఉంది. ఇటీవలి ప్రభుత్వ లెక్కల్లో దాన్ని వాడుకుంటున్న ఉద్యోగినులు నూటికి ఒకరు కూడా లేరు. మగ అధికారికి చెప్పుకోవాలన్న ఇబ్బంది, తోటివాళ్ళ మీద భారం పడుతుందన్న భయం ఇందుకు కారణాలని అక్కడి స్త్రీలే చెబుతున్నారు. 'పనికి ఆటంకం కలిగిందా' అన్న ప్రశ్నకు టోక్యోలో ఉద్యోగినీ అరసవల్లిలో పూలామే ఒకే గడిలో గీత గీస్తారు. కారణాలు వేరు, ఆ గీత చూసి మనం అర్థం చేసుకునేది మాత్రం ఒకటే: ఆటంకం లేదు.

జపాన్ నుంచి నేర్చుకోవలసిన పాఠం మరొకటి ఉంది. మార్గరెట్ లాక్ అనే మానవశాస్త్రవేత్త ముట్లుడిగే వయసు గురించి జపాన్‌లోనూ ఉత్తర అమెరికాలోనూ అడిగి 1993లో పుస్తకం రాసింది. అమెరికన్ జాబితాలో మొదట ఉండే ఒంట్లో ఆవిర్లు అక్కడ చాలా తక్కువమంది చెప్పారు. ఆ జాబితాలో లేని భుజాల బిగుతు మాత్రం చాలామంది చెప్పారు. ఆమె దాన్ని జాబితాలో చేర్చి అడిగింది గనక అది మనకు తెలిసింది. చేర్చకపోయి ఉంటే జపాన్ స్త్రీలకు ఏ బాధలూ లేవని తేలేది.

మరి అరసవల్లిలో జాబితాలో లేనివి ఏమిటి? నేను కాగితం పక్కన పెట్టి, ముట్టు వచ్చే ముందు మీకేమవుతుంది అని ఊరికే అడిగాను. నడుం లాగడం, కాళ్ళు పీకడం, ఒంట్లో వేడి, తెల్లబట్ట, కళ్ళు తిరగడం, గుండె దడ. తెల్లబట్ట గురించి చెప్పని మనిషి లేదు. మన దేశంలో తెల్లబట్ట ఫిర్యాదు చాలాసార్లు ఇన్‌ఫెక్షన్ కన్నా మనసు మీది ఒత్తిడితో ముడిపడి ఉంటుందని గోవాలో విక్రమ్ పటేల్ బృందం చూపించింది. దిగులు అని నోటితో అనని ఆడది తెల్లబట్ట అని డాక్టరుకు చెప్పగలదు. అది జాబితాలో లేదు. ఉన్నవాళ్ళలో సగానికి పైగా తమ నొప్పులన్నిటికీ 'ఆపరేషన్ అయిన కాడ్నించీ' అని మొదలుపెట్టారు. పిల్లలు పుట్టకుండా చేయించుకున్న ఆపరేషన్ అది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆ ఆపరేషన్ అయినవాళ్ళు. వాళ్ళ దృష్టిలో తమ ఒంటి చరిత్ర ఆ కత్తి దగ్గర మొదలవుతుంది. ఆ మాట అడిగే గడి కాగితంలో లేదు.

'ముందు రోజులు' అన్న భావన కూడా మనం అనుకున్నంత తేలిక కాదు. ముట్టు, బహిష్టు, మైల, బయట ఉండడం అంటూ వచ్చాక రోజులకు మనకు ఎన్ని మాటలో. వచ్చే ముందు వారానికి వాడుకలో ఒక పేరంటూ లేదు. అలాగని ఆ రోజుల లెక్క ఆడవాళ్ళకు తెలియదనుకుంటే పొరపాటు. గుడి పక్కన బతికేవాళ్ళకు ఆ లెక్క చాలా బాగా తెలుసు. వ్రతం, పెళ్ళి, రథసప్తమి, ఏది ఎప్పుడొస్తుంది, తమకెప్పుడొస్తుంది అని వేళ్ళ మీద చెబుతారు. ఆందోళన గురించి అడిగితే, "టెన్సనంటే అదే గదమ్మా, పండగనాడు వచ్చీసిందంటే గుడి మెట్టెక్కనివ్వరు, పూలు ముట్టనివ్వరు, ఆ రోజు బేరం పోతాది" అంది ఒకామె. కొందరు మందుల కొట్లో నోరెథిస్టిరాన్ మాత్రలు కొనుక్కుని నెలసరిని వెనక్కి నెడతారు. ఆ నెల ఆమె ఒంట్లో ఏ దశ ఎక్కడుందో ఏ ప్రశ్నావళీ చెప్పలేదు. ఆమె ఆందోళనకు 'తీవ్రం' అని గీత గీస్తే అది హార్మోన్ల ఖాతాలో జమ అవుతుంది. అంటు పేరుతో గుమ్మం బయట నిలబెట్టే ఆచారం ఆ లెక్కలోంచి నిశ్శబ్దంగా తప్పుకుంటుంది.

ఇంకొకామె గురించి చెప్పాలా వద్దా అని సందేహించాను. పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లల్లేరు. అకారణంగా ఏడుపు వస్తుందా అనే ప్రశ్న దగ్గర ఆమె నెమ్మదిగా అంది: "రావద్దు, రావద్దు అనుకుంటా కూకుంటాను. నడుం లాగడం మొదలెట్టిందంటే ఒచ్చీస్తాదని తెలిసిపోతాది. అప్పుడేడుపొస్తాది." ప్రతి నెలా అదే వారంలో, నెలసరి వచ్చిన రెండు రోజులకి తగ్గిపోయే ఏడుపు. నిర్వచనానికి అతికినట్టు సరిపోతుంది. ఆమెకు కారణం ఉంది, కాగితానికి దాంతో పనిలేదు.

ఈ కొలతల పుట్టుక కూడా గుర్తు చేసుకోవాలి. 1931లో రాబర్ట్ ఫ్రాంక్ అనే అమెరికన్ వైద్యుడు దీన్ని నెలసరి ముందు ఉద్రిక్తత అన్నాడు. 1953లో ఇంగ్లండ్‌లో గ్రీన్, కాథరీనా డాల్టన్‌లు 'సిండ్రోమ్' అన్నారు. 1968లో రుడాల్ఫ్ మూస్ 47 అంశాల ప్రశ్నావళి తయారుచేశాడు. దానికి జవాబిచ్చినవాళ్ళు అమెరికాలో ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న మగవాళ్ళ భార్యలు. కొద్ది ఏళ్ళకే మేరీ పార్లీ అదే ప్రశ్నావళిని, ఆడవాళ్ళకు సాధారణంగా ఎలా ఉంటుందో చెప్పమని మగవాళ్ళకీ ఇచ్చి చూసింది. వాళ్ళ జవాబులు కూడా ఆడవాళ్ళ జవాబుల్లాగే వచ్చాయి. సమాజంలో ఉన్న నమ్మకమే కాగితం మీద లక్షణంగా తిరిగి వస్తోందేమోనన్న అనుమానం అక్కడ మొదలైంది. 1977లో డయాన్ రూబుల్, నెలసరి ఒకటి రెండు రోజుల్లో రాబోతోందని కొందరు విద్యార్థినులను నమ్మించి అడిగితే, వాళ్ళు ఎక్కువ బాధలు చెప్పారు. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 1987లో దీన్ని తమ గ్రంథం అనుబంధంలో పెట్టి, స్త్రీవాదుల నిరసనల మధ్య 2013లో పూర్తి స్థాయి రుగ్మతగా చేర్చింది. ఈ మధ్యలో, 2000లో, పేటెంటు గడువు దగ్గరపడుతున్న ప్రోజాక్ మందు రంగు మార్చుకుని సారాఫెమ్ అనే కొత్త పేరుతో ఈ రుగ్మతకు మందుగా అమెరికా బజారులోకి వచ్చింది.

ఇంతవరకూ చదివిన పాఠకురాలు నేను ఈ ప్రశ్నావళులే వద్దంటున్నానని అనుకోవచ్చు. అలా అనేసి ఊరుకోవడం నాకూ తేలికే. కానీ ఆ రెండో మధ్యాహ్నం ఆయా కూతురు వచ్చి కూర్చుంది. డిగ్రీ రెండో ఏడు. 'పి.ఎం.ఎస్.' అన్న మాట ఆమెకు ఫోన్‌లోంచి తెలుసు. నెలకు ఆరేడు రోజులు చచ్చిపోవాలనిపిస్తుందనీ, ముట్టు వచ్చిన మర్నాడు ఎవరో తలుపు తీసినట్టు ఉంటుందనీ తల్లి ముందే చెప్పింది. డాక్టరు దగ్గరికి వెళ్తే పెళ్ళయితే తగ్గిపోతుందన్నారట. "ఆ మాట చదివేక నాకు పిచ్చి కాదని తెలిసింది మేడమ్" అంది. తల్లి తల దించుకుని చీర అంచు నలుపుతూ కూర్చుంది. ఈ అమ్మాయికి ఆ కాగితం కావాలి. ఆమెలాంటివాళ్ళకు పనికొచ్చే మందులున్నాయి, అది రుజువైన విషయమే. జాబితా పరాయిదని నేను విమర్శిస్తూ ఉంటే ఆమె ప్రాణాలకెవరు పూచీ? అంచేత ప్రశ్నావళి తెలుగులో రావాలనే నేను అంటాను. వచ్చాక ఏమవుతుందన్నదే నా భయం.

భయానికి కారణం ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. దేశంలో అందరికన్నా ముందున్నాం. తెల్లబట్ట అని వెళ్ళినా, నడుంనొప్పి అని వెళ్ళినా, "పిల్లలు పుట్టేశారు కదా, ఇంకా అదెందుకు" అనే వైద్యం మన జిల్లాల్లో ఎవరికి తెలియదు? బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద వచ్చిన వ్యాజ్యంలో 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నీ మార్గదర్శకాలు పాటించాలని చెప్పాల్సివచ్చింది. ఇలాంటి చోట, సంతకం పెట్టిన ఒక కాగితం మీద 'తీవ్రం' అనే మార్కు పడితే అది మందుల చీటీగా కన్నా కత్తికి అనుమతిగా మారే అవకాశమే ఎక్కువ. పైగా ఈ బాధలకు మూలం అండాశయాల నెలవారీ చక్రంలో ఉంది. గర్భసంచి ఒక్కటే తీస్తే రక్తస్రావం ఆగుతుంది, చక్రం ఆగదు. అండాశయాలు కూడా తీసేస్తే ముప్ఫై అయిదేళ్ళకే ముట్లుడిగిన శరీరంతో బతకాలి.

న్యాయస్థానాల సంగతీ ఉంది. 1980ల మొదట్లో ఇంగ్లండ్‌లో డాల్టన్ సాక్ష్యంతో ఇద్దరు స్త్రీలకు హత్య కేసుల్లో శిక్ష తగ్గింది. 2018లో రాజస్థాన్ హైకోర్టు ఒక స్త్రీని ఇదే కారణంతో నిర్దోషిగా వదిలింది. ఆ స్త్రీలకు మేలు జరిగిందనే అనుకుందాం. అదే వాదన రేపు బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న కేసులోనో, ఆస్తి కేసులోనో భర్త తరపు వకీలు చేతికి వస్తే? భార్య నింపిన కాగితం అతని ఫైల్లో ఉంటే?

మనకు ఇంతకన్నా మంచి అనుభవం ఒకటి ఉంది. 1991లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ద్వారా వచ్చిన 'సవాలక్ష సందేహాలు' చదివినవాళ్ళకు తెలుసు. బోస్టన్ ఆడవాళ్ళు తమ శరీరాల గురించి రాసుకున్న పుస్తకం స్ఫూర్తి అందులో ఉంది, కానీ ఇక్కడి ఆడవాళ్ళు అడిగే సందేహాల నుంచే అది బయలుదేరింది. ప్రశ్నావళికి కూడా ఆ దారి ఉంది. ముందు ఇక్కడి మాటలు పోగుచేయాలి. తెల్లబట్టా, కాళ్ళు పీకడం, విసుగూ జాబితాలోకి రావాలి. 'పనికి ఆటంకం కలిగిందా' అనే బదులు 'పని చేయడానికి ఎంత కష్టపడ్డావు, నీ పని ఇంకెవరైనా అందుకున్నారా' అని అడగాలి. గత నెల ఎలా ఉందని జ్ఞాపకం మీద అడగడం కన్నా, రెండు నెలలపాటు రోజూ గుర్తు పెట్టించడం మేలని వైద్యులే అంటారు. చదువు రాదు కదా అనే అభ్యంతరం నాకు అర్థంకాదు. ప్రతి ఇంటి గోడ మీదా తెలుగు క్యాలెండరు ఉంది. పాలు ఎన్ని రోజులు పోయలేదో, గ్యాస్ బండ ఎప్పుడొచ్చిందో ఆడవాళ్ళు దాని మీదే చుక్కలు పెడతారు. నెలసరి చుక్క కూడా ఒక మూల ఉంటుంది. ఆ చుక్కల పక్కన ఇంకో చుక్క పెట్టమంటే చాలు. నింపిన కాగితం మాత్రం ఆమె దగ్గరే ఉండాలి.

ఇవన్నీ స్నేహితురాలికి ఫోన్‌లో చెప్పాను. ఓపికగా వింది. "నువ్వు చెప్పినట్టు మారిస్తే జపాన్‌తోనూ కెనడాతోనూ పోల్చడానికి పనికిరాదు. ఏ పత్రికా వేసుకోదు" అంది. అదీ నిజమే, ఆమె ఉద్యోగంలో పైకి వెళ్ళడానికి ఆ పత్రికలు కావాలి. పోలిక పరిశోధకులకు అవసరం, ఆయా కూతురికి కాదు అని నేనన్నాను. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. పాత 14 ప్రశ్నలూ అలాగే ఉంచి, వెనకవైపు మన ప్రశ్నలు చేరుద్దాం అన్న దగ్గర ప్రస్తుతానికి ఆగాం. కాగితాలు ఇంటికి తిరిగిచ్చే సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

ఆ కాగితాల్లో ఒకటి నా దగ్గరే ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ ఆమెది. మిషను కుడుతుంది. తొమ్మిదేళ్ళ కిందట గర్భసంచి తీయించుకుంది. "సంచి తీసీసినారు, మరకలు పోనాయి. సిరాకు మాత్రం నెలకోసారి అలాగే ఒస్తాది. ఎప్పుడొస్తాదో ఇప్పుడు లెక్క దొరకదమ్మా" అంది. నేను చదువుతుంటే ఒక్క ప్రశ్న కూడా వదలకుండా గీతలు గీసింది. మొదటి గడిలో 'గత నెలసరి మొదలైన తేదీ' అని ఉంది. అది ఖాళీగా ఉంటే కాగితాన్ని లెక్కలోంచి తీసెయ్యాలని నిబంధన.